ఉమ్మడి పొలములో ఇల్లాలి పాలు

ఉమ్మడి యను మాట వినుటకు మిక్కిలి యింపైనది. పొలము ఉమ్మడి, పన్ను ఉమ్మడి, కష్టసుఖములు ఉమ్మడి యని చెప్పినంతనే అచ్చట న్యాయము తనంతట తాను నెలకొనియుండునని మనము తలంతుము. ఆ యుమ్మడిలో నెవరిని లెక్కించిరి, ఎవరిని లెక్కింపక విడిచిరి యని యడుగువారు మాత్రము తక్కువ. ఈ ప్రశ్నను ముందిడుకొని, ఒండొరుల పేరైన నెఱుగని రెండు జనసంఘముల సాంఘికార్థిక స్థితులను, వానిని వర్ణించిన కొన్ని గ్రంథములను ఇచట పరిశీలింప దలచితిమి. మొదటిది స్లావ్ జాతులలో సంఖ్యచే పెద్దదియైన రుష్యజాతి కాపుల గ్రామసంఘము. రెండవది అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఆరిజోనా యను రాష్ట్రపు మెట్టయెడారి యందు వసించు హోపీల వంశవ్యవస్థ.

ఈ రెంటిని జతపఱచుట కేవలము మా కల్పన కాదు. మోర్గన్ పండితుడు 1877లో ప్రకటించిన ప్రాచీనసమాజ గ్రంథము నాధారముగ గొని, ఎంగెల్సు 1884లో కుటుంబము, సొంతయాస్తి, రాజ్యము అనువాని పుట్టుకను గూర్చి వ్రాసినపుడు, అమెరికా ఆదిమజాతుల మాతృవంశములను స్లావుల ఉమ్మడి గృహములను ఒకే మెట్లవరుసలో నిలిపెను. అంతకు పూర్వమే, 1843లో రుష్యదేశమున పర్యటించిన హాక్స్‌ట్‌హౌజెన్ అను జర్మను ప్రభువు అచటి గ్రామసంఘమును మెచ్చుకొని వ్రాసెను. హెర్జెన్ ఆ సంఘమునందే రాబోవు సామ్యవాదమునకు బీజమును గాంచెను. భూమిని అంగడిసరకు చేయని జనులు లోకమున గలరని చూపి వీరు చదువరులకు మేలే చేసిరి. ఎంగెల్సు స్త్రీల దుస్థితిని గూర్చి తీవ్రముగ వ్రాసినవాడును. అయినను అతని దృష్టిలో మాతృవంశము గతించిన యొక మెట్టు. హెర్జెను దృష్టిలో గ్రామసంఘము రాబోవు యుగమునకు వాగ్దానము. ఒకరు గతమును వెదకుచు, ఇంకొకరు భవిష్యత్తును వెదకుచు పోయిరేగాని, ఆ కాలమున ఆ యిండ్లలో జీవించుచున్న మనుష్యులను తిన్నగా చూచినవారు కొలదిమంది.

స్లావులందఱును ఒక్కటి కారని మొదటనే చెప్పవలెను. దక్షిణ స్లావులలో జాద్రుగ యను పెద్ద ఉమ్మడి కుటుంబ ముండెడిది. ఉక్రెయిను దేశమున పెక్కుచోట్ల భూమి ఆయా కుటుంబములకు వంశపారంపర్యముగ సంక్రమించెడిది. కావున మేము మధ్యరుష్యా కాపుల మీర్ అను గ్రామసంఘమునకే మా విమర్శను పరిమిత మొనర్తుము.

మీర్ అను పదమునకు లోకమనియు, శాంతియనియు గూడ నర్థములు గలవు. కాపునకు నిజముగ తన గ్రామసంఘమే లోకము. 1861లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి భూదాస్యమును తొలగించినపుడు, భూమిని కాపున కీయక చాలచోట్ల సంఘమునకే యొప్పగించిరి. అది యూరక యిచ్చినది కాదు. 49 సంవత్సరముల పాటు విమోచనధనమును వాయిదాలుగ కట్టవలసియుండెను. పన్నులకును ఈ వాయిదాలకును గ్రామమంతయు ఉమ్మడిపూచీ. ఒకడు కట్టకున్న తక్కినవారు కట్టవలెను. కావున నొకడు గ్రామము విడిచి పట్టణమునకు కూలికి పోవలెనన్నను సంఘపు సమ్మతి కావలసివచ్చెను. ఈ పూచీ 1903 వరకు తొలగలేదు. విమోచనధనపు వాయిదాలు 1907 మొదలుకొని రద్దయ్యెను.

పొలమును మూడు భాగములు చేసి, ఒకదాన శీతకాలపు పైరు, ఒకదాన వసంతపు పైరు వేసి, మూడవదానిని బీడుగ విడుచుచు వంతులవారీగ సాగుచేసెడివారు. ప్రతిభాగమునందును మంచినేల, చెడునేల, దగ్గఱిది, దూరపుది యని తరములు విభజించి, ప్రతితరమును సన్నని పట్టీలుగ చీల్చి, ఇంటింటికిని కొన్ని పట్టీలు కేటాయించెడివారు. కుటుంబములు పెరిగి తరిగినకొలది కొన్నియేండ్ల కొకమాఱు ఈ పట్టీలను తిరిగి పంచెడివారు. వినుట కిది యెంత ధర్మముగ నున్నది! వడగండ్లు ఒకచోట పడిన ఇంకొకచోటి పంట మిగులును. నేటి ధనికునికి రేపు అధికభూమి నిలువదు. విదేశీయులు ముగ్ధులగుటలో వింతలేదు.

ఇక లెక్కను చూతము. పెక్కు సంఘములలో ఇంటికి వచ్చు భూమి ఆ యింటి మగవారి సంఖ్యను బట్టి నిర్ణయింపబడెడిది. కొన్ని గ్రామములు పనిచేయువారిని బట్టియు, కొన్ని తినునోళ్లను బట్టియు పంచినమాట నిజమే. కాని రాజ్యపు పన్నుల పట్టీలో ఆత్మ యను మాటకు మగవాడనియే యర్థము. కుమారుడు పుట్టిన పొలము వచ్చును. కుమార్తె పుట్టిన రాదు. ఆమె పెండ్లియై పరుల యింటికి పోవును. అచట బొల్షాక్ అనబడు ఇంటిపెద్ద క్రింద కోడలై, పొలమునను పెరటిలోను పనిచేయును. పట్టీలలో మాత్ర మామె పేరు గానరాదు. తాను తెచ్చుకొన్న పెట్టె, అందలి నార బట్టలు, తాను వడకి నేసి యార్జించినది మాత్రమే యామె సొత్తు. గ్రామసభలో కూర్చుండువారు ఇంటిపెద్దలు. ఆ పెద్దలు సామాన్యముగ పురుషులు. మగపిల్లలు లేని వితంతువు తన పాలు నిలుపుకొనుటకు ఆ సభవారి దయకు కాచుకొనవలసియుండెడిది.

ఈ జీవితమును లోపలినుండి చూపిన గ్రంథములలో ఓల్గా సెమ్యోనవా త్యాన్‌షాన్‌స్కయా రచన మిక్కిలి విలువైనది. ఆమె 1863లో జనించి 1906లో మరణించెను. ర్యాజాను మండలమున తమ యెస్టేటు చెంతనున్న గ్రామీణులను ఏండ్లతరబడి గమనించి, ఇవాను అను నొక సామాన్యుని జన్మము మొదలుకొని అతని యింటి బ్రతుకునంతయు వ్రాసికొన్నది. ఆ వ్రాతలు ఆమె మరణానంతరము 1914లో అచ్చైనవి. శిశువుల చావులు, భార్యలను కొట్టుట, కోడండ్రపై మామల దౌర్జన్యము, వీనిని ఆమె కప్పిపుచ్చలేదు. కంటనీరు పెట్టించు మాటలును వాడలేదు. భూస్వామి కుమార్తె యగుటచే ఆమె చూపులో కొంత దూరము లేకపోలేదు. అయినను హాక్స్‌ట్‌హౌజెన్ సంఘసభను చూచి తృప్తిపడినచోట, ఈమె పొయ్యిప్రక్కకు పోయి చూచెను. మా మెప్పున కదియే కారణము.

చెహోవు 1897లో ప్రకటించిన ‘కాపులు’ అను కథ దీనికి తోడు నిలుచును. మాస్కోలో హోటలు పరిచారకుడైన నికొలాయ్ జబ్బుపడి భార్యయగు ఓల్గాతోను బిడ్డతోను స్వగ్రామమునకు మరలివచ్చును. అచట ఇరుకు గుడిసె, ఆకలి, త్రాగుబోతు అన్నయగు కిర్యాక్, అతని యడుగుల చప్పుడు విన్నంతనే వణకు భార్య మార్యా. పన్నుబకాయి క్రింద గ్రామపెద్ద వచ్చి యింటిలోని సమోవారును పట్టుకొనిపోవు ఘట్టము ఈ కథకు హృదయమని మా యభిప్రాయము. టీనీరు కాచుకొను ఆ పాత్ర ఆ పేదయింటికి మిగిలిన యొకే గౌరవచిహ్నము. దానిని గొనిపోయినవాడు దూరపు అధికారి కాడు. తమలోనివాడే, తమ సంఘపు పెద్దయే. ఉమ్మడిపూచీ యనగా నేమో ఏ చట్టగ్రంథమును ఇంత స్పష్టముగ చెప్పలేదు. సంఘము కాపుల రక్షణకై యుండవలసినది. రాజ్యము దానిని పన్నులు పిండు పనిముట్టుగ మార్చెను. పైనుండి వచ్చిన యొత్తిడి సంఘము మీదను, సంఘపు టొత్తిడి ఇంటిపెద్ద మీదను, ఇంటిపెద్ద యొత్తిడి కోడలిమీదను పడెను.

ఇపుడు హోపీల యొద్దకు పోవుదము. ఆరిజోనా ఈశాన్యభాగమున బల్లపరుపుగ నుండు మూడు ఎత్తైన మిట్టలు గలవు. వానిపైనను వాని యడుగునను హోపీ గ్రామములు వెలసినవి. అందు ఒరైబీ యను నూరు క్రీ.శ. 12వ శతాబ్దము నుండియు విడువక జననివాసముగ నున్నది. ఆ దేశమున అంతటి ప్రాచీనమైన యూళ్లు అరుదు. అచట ఏటికి సుమారు 10 అంగుళముల వాన కురియును. ఏఱు లేదు, కాలువ లేదు. మొనదేరిన కఱ్ఱతో నిసుక క్రింది తేమ తగులువఱకు లోతుగ గ్రుచ్చి, ఒక్కొక్క గుంటలో పెక్కు గింజలు వేసి, దూరదూరముగ మొక్కజొన్నను నాటుదురు. వానవఱద వాగునోటికడ పఱచుకొను తావులను వెదకి పొలములు చేయుదురు. ఒకచోట వఱద తుడిచిపెట్టినను ఇంకొకచోట గింజ దక్కవలెనని పొలములను పలుతావుల నుంతురు. రుష్యాకాపు పట్టీలలోని యుపాయమే ఇదియును. కరవునకు వెఱచి ఒకయేటికి మించిన జొన్నను ఇంట నిలువచేయుట వారి ప్రాచీనాచారము.

భేదము భూమి చేతులుమారు తీరులో నున్నది. హోపీల నేల వంశములది. వంశము మన గోత్రము వంటిదే కాని తల్లినిబట్టి వచ్చును. ఎలుగుబంటి వంశము, సూర్యవంశము, మొక్కజొన్న వంశము మొదలగు పేళ్లు గలవు. బిడ్డ తల్లి వంశమునకు చెందును. ఇల్లు స్త్రీది, తల్లినుండి కుమార్తెకు వచ్చును. వంశపు పొలమును ఆ వంశపు స్త్రీల పేరనే సాగుచేయుదురు. పురుషుడు పెండ్లియైన పిమ్మట భార్య యింట చేరి ఆమె పొలము దున్నును. పండిన జొన్న గడపదాటి లోనికి వచ్చినంతనే అది యామెది. పెండ్లికి ముందు వధువు వరుని తల్లి యింట కొన్నినాళ్లు పిండి విసరును. వరుని వైపు పురుషులు ఆమెకు పెండ్లిబట్టలు నేయుదురు. ఆ వస్త్రములతో ఆమె తన తల్లి యింటికే మరలిపోవును. కాపురము చెడినచో వెలుపలికి పోవువాడు భర్త. ఆమె తలపై కప్పు పోదు, గాదెలోని గింజ పోదు.

రెండు సంఘములయందును నేల ఉమ్మడియే. రెంటను ధాన్యము స్త్రీ చెమటచేతనే యన్నమగుచున్నది. అయినను రుష్యాకోడలికి సంఘపు పంపకము మీద హక్కులేదు. హోపీ కుమార్తె లేనిదే ఆ పంపకమే లేదు. దీనినిబట్టి ఉమ్మడి యను నొక్క మాట ఈ రెంటిని వర్ణింప జాలదని స్పష్టము.

హోపీ జీవితమును గూర్చిన గ్రంథములలో డాన్ తలయేస్వా ఆత్మకథ ‘సూర్యనాయకుడు’ ప్రసిద్ధము. ఒరైబీలో 1890లో పుట్టిన యీతడు చెప్పినదానిని, వ్రాసినదానిని లియో సిమ్మన్సు అను పండితుడు కుదించి కూర్చి 1942లో ప్రకటించెను. అందు ప్రభుత్వపు బడిలో నేర్చిన చదువు, కాలిఫోర్నియాలో వచ్చిన ప్రాణాపాయపు జబ్బు, తిరిగి తన యూరిని జేరుట, భార్యతో కలహములు, బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖము అన్నియు దాపరికము లేక చెప్పబడినవి. ఇచట విమర్శకులు గమనింపవలసిన దొకటి గలదు. భార్య యింట బ్రతుకు మగడు భార్యను గూర్చి సణుగుకొనును. చెహోవు కథలో మార్యా సణుగదు, వణకును. ఏ యింట నెవరు సణుగుదురో, ఎవరు వణకుదురో చూచిన, అచట ఆస్తి యెవరిదో చాలవఱకు తెలియును. అయినను ఇది పురుషుని కథ. ఎన్నిక చేసినవాడును పురుషుడే. హోపీస్త్రీ స్వరము వినగోరువారు హెలెన్ సెకాక్వాప్తేవా 1969లో వెలువరించిన ‘నేనును నావారును’ అను గ్రంథమును తప్పక చదువవలెను. 1898లో ఒరైబీలో జనించిన యామె, తండ్రి బడికి పంపుటకు సమ్మతింపని పక్షమువాడై చెఱ కేగుటను, తన్ను బలవంతముగ బడిశాలకు గొనిపోవుటను, పిమ్మట ఆ చదువునే తాను ప్రేమించుటను ఏ వైపును నిందింపక చెప్పినది. 1944లో పాత ఒరైబీని గూర్చి శాస్త్రీయగ్రంథము వ్రాసిన మిషా తితియేవ్ రుష్యచక్రవర్తుల పాలనలోని క్రెమెంచుక్ పట్టణమున పుట్టి బాల్యమున అమెరికా చేరినవాడగుట యొక విచిత్రమైన కలయిక.

హోపీ గ్రామమును స్వర్గముగ చిత్రించుటయు మా యుద్దేశము కాదు. గ్రామపెద్దలు, ముఖ్యమైన క్రతువుల కధిపతులు పురుషులే. ఇంటిలో తల్లి సోదరుని మాటకు బరువెక్కువ. వంశములన్నియు సమానములు గావు. జెరాల్డ్ లీవీ 1992లో ప్రకటించిన పరిశోధనలో, ప్రధానక్రతువులు గల వంశములకు మేలైన వఱదపొలములును, క్రిందివంశములకు నమ్మరాని నేలలును ఉండెనని, కరవు వచ్చినపుడు ముందుగ నూరు విడువవలసినవారు ఆ రెండవవారేయని వాదించెను. సమత్వమునకు పేరుపొందిన సంఘమునందే తారతమ్యము నతడు చూపెను. శిశుమరణము రెండు సంఘములను పీడించినది. 20వ శతాబ్దారంభమున ఐరోపా రుష్యాలో పుట్టిన నలుగురు శిశువులలో దాదా పొకరు ఏడాది నిండకమునుపే మరణించిరి. పొలములో పాలుండుట వేఱు, శుభ్రమైన నీరు, మంత్రసానికి శిక్షణము, చదువు ఉండుట వేఱు. మొదటిదానిని పొగడుచు రెండవదానిని మఱచువారు సంస్కర్తలు గారు.

అయితే బయటినుండి వచ్చిన సంస్కర్తలు చేసిన దేమి? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానము మన మాలోచింపదగినది. 1887లో అమెరికా శాసనసభ ఆదిమజాతుల భూములను ఖండములుగ కోసి పంచుటకు చట్టము చేసెను. దాని ప్రకారము కుటుంబపు పెద్దకు 160 ఎకరములు. భార్యకు వేఱుగ పాలు లేదు. 1891 సవరణ తరువాతనే ప్రతివ్యక్తికి సమానభాగము నిర్ణయింపబడెను. ఈ పంపకము తమ నేలమీదికి వచ్చుటచూచి హోపీ పెద్దలు 1894 మార్చిలో వాషింగ్టనుకు విన్నపము పంపిరి. చేవ్రాళ్లకు మాఱు తమ వంశచిహ్నములను గీచిరి. తమ సంసారమును, ఇంటిని, పొలమును విడదీయరాదనియు, ఆ మూడింటికిని స్త్రీయే ఆధారమనియు అందు విన్నవించిరి. విన్నవించినవారు పురుషులు, కోరినది స్త్రీల హక్కు నిలుపుమని. ఇట్టి పత్రము ఏ దేశచరిత్రయందైనను అరుదు. ప్రధాన హోపీ గ్రామములలో ఆ పంపకము నెఱవేఱలేదు. కాని అదే యేటి చివర, ప్రభుత్వాజ్ఞలకు లోబడని 19 మంది ఒరైబీ పురుషులను పట్టి, 1895 ఆగస్టు వఱకు ఆల్కట్రాజ్ దీవిలో ఖైదుచేసిరి. వారి నేరములలో ముఖ్యమైనది బిడ్డలను దూరపుబడికి పంపనొల్లకుండుట. చదువు మంచిదే, కాని తల్లి చేతినుండి లాగికొని పోయి నేర్పిన చదువు ఆ గ్రామమును రెండుగ చీల్చెను. కరవును నేలకొఱతయు దానికి తోడైనవి. 1906 సెప్టెంబరులో ఒరైబీలో నొక పక్షమువారు ఊరు విడిచి హోతెవిల్లా యను కొత్తగ్రామమును కట్టుకొనిరి.

అదే యేటి నవంబరులో రుష్యమంత్రి స్తోలీపిన్ గ్రామసంఘమునుండి వేఱుపడగోరు కాపునకు తన పట్టీలను సొంతము చేసికొను హక్కునిచ్చు శాసనము తెచ్చెను. ఉద్దేశము దృఢమైన కాపువర్గమును నిర్మించుట. కాని సొంతమైనది ఎవనికి? సామాన్యముగ ఇంటిపెద్దకే. అంతవఱకు కుటుంబమున కంతకు చెందిన పాలు ఒక్క పురుషుని సొత్తుగ మారెను. సంఘము నడ్డము పెట్టుకొని కోడలో వితంతువో చిన్నకుమారుడో చెప్పుకొనుటకు మిగిలియుండిన కొలది యాధారమును సడలెను. ఇట్లు వాషింగ్టనునందును, పీటర్స్‌బర్గునందును ఒకే భావము పాలించెను: ఉమ్మడి వెనుకబాటు, సొంతము అభివృద్ధి, సొంతమనగా ఇంటి మగపెద్ద సొంతము. సంస్కరణ యను పేరుగల ఈ రెండు శాసనములను వ్రాసినవారు ఇల్లాలి నడిగి వ్రాయలేదు.

తరువాతి కథ సంక్షేపముగ చెప్పుదుము. 1922 నాటి సోవియట్ భూమిచట్టము కాపుగృహములో స్త్రీపురుషుల కందఱికి సమానహక్కు నిచ్చెను. అది గొప్పసంస్కరణమే. కాని పదియేండ్లు తిరుగకమునుపే భూమి బలవంతముగ సమష్టి క్షేత్రములలో కలుపబడెను. 1930లో పాతగ్రామసంఘములు రద్దయ్యెను. 1932–33లో ఘోరక్షామము లక్షలకొలది ప్రాణములను గొనిపోయెను. ఆ క్షేత్రములలోని కూలిజనమునకు దేశములో స్వేచ్ఛగ తిరుగుటకు వలయు పాస్‌పోర్టు నిచ్చుటకు నిర్ణయము 1974 వఱకు జరుగలేదు. స్త్రీకి సమభాగము వచ్చిన పొలమే ఎవరికిని దక్కకపోయెను. హోపీల నేలక్రింద బొగ్గు దొరకగా, 1966లో గనులకు కౌలు వ్రాయబడెను. తెగప్రభుత్వమునకు రాబడి వచ్చెను. కాని బొగ్గును పిండిచేసి గొట్టములో పంపుటకు ఎడారి భూగర్భజలమును ఏండ్లతరబడి తోడిరి. 2005లో ఆ గొట్టపుమార్గము మూతపడెను; 2019లో మిగిలిన గనియు మూతపడగా రాబడియు పోయెను. నీటియూటలను గూర్చిన చింత మాత్రము గ్రామములలో నిలిచినది.

ఈ పోలికకును మన యిండ్లకును నడుమ సంబంధ మున్నదా యని చదువరు లడుగవచ్చును. కలదు. సర్ హెన్రీ మెయిన్ 1871లోను, 1883లోను వ్రాసిన గ్రంథములలో హిందువుల యవిభక్తకుటుంబమును, గ్రామసంఘమును ఐరోపావానితో పోల్చి, స్లావుల ఉమ్మడిగృహములను దానికి చుట్టములుగ చూపెను. ఆ చుట్టఱికము లెక్కలోను కనబడును: మితాక్షరధర్మమున జన్మముచేత పాలుపొందువాడు కుమారుడే. 1985 సెప్టెంబరు 5 మొదలు వర్తించునట్లు 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణముచే, పెండ్లికాని కుమార్తెకు పుట్టుకతోడనే ఉమ్మడియాస్తిలో సమానపాలు వచ్చెను. దేశమునకంతకు ఆ సూత్రము 2005లో వ్యాపించెను. తెలుగుసీమ ఈ విషయమున ముందు నడచినదని గర్వింపవచ్చును. కాని చట్టములో వచ్చిన పాలును, పట్టాపుస్తకములో నెక్కిన పాలును ఒక్కటి కావని గృహస్థు లెఱుగుదురు. పసుపుకుంకుమల పేర పుట్టింటివారు కొంత ముట్టజెప్పి ఆడపడుచుచేత విడుదలపత్రము వ్రాయించుకొను నాచారము మనకు తెలియనిది కాదు.

మా నిర్ణయము చెప్పి విరమింతుము. ఉమ్మడి యైనంతమాత్రమున న్యాయము కాదు. సొంతమైనంతమాత్రమున స్వేచ్ఛయు కాదు. ఒక జనసంఘమును గూర్చి వ్రాయువారిని మేము మూడు ప్రశ్న లడుగుదుము. అచట పంపకపు లెక్కలోనికి స్త్రీ వచ్చుచున్నదా? కాపురము చెడిననాడు ఇల్లు విడిచి పోవలసిన దెవరు? కరవు వచ్చిననాడు మొదట ఆకలిగొను వంశ మెవరిది? ఈ మూడింటికి జవాబు చెప్పని గ్రంథము ఎంత పాండిత్యము గలదైనను, దానిని మేము పొలముగట్టుపై నిలిచి చేసిన వర్ణనగనే యెంతుము. రుష్యాకోడలి పెట్టెను, హోపీయిల్లాలి గాదెను ప్రక్కప్రక్కను పెట్టి చూచినవారికి, సంస్కరణ మెచట మొదలిడవలెనో వేఱుగ చెప్ప నవసరము లేదు.